కొసరుగా పోయిన పాత వెర్షన్

"మీరే కదండీ, శుభ్రం చెయ్యమన్నారు?"

కాకినాడ సాఫ్ట్‌వేరు డీలరు ఫోనులో ఆ మాట అనడం అది ఐదోసారి. ఐదుసార్లూ 'అండి' వదల్లేదు. మా వైపు ఎదుటివాడి పీక పిసకాలన్నా ముందు అండి అంటాం. నేనూ ఆ బాపతే కనుక ఆ మర్యాద వెనక ఏముందో నాకు తెలుసు.

"అయ్యా, నేను శుభ్రం చెయ్యమన్నది కంప్యూటర్ని. పదకొండేళ్ల పనిని కాదు."

"మీ ఫైళ్లు ఒక్కటి కూడా ముట్టుకోలేదండి. డి డ్రైవులో అలాగే ఉన్నాయి, చూడండి."

ఉన్నాయి. నా కడుపుమంట అంతా అదే. నూట పన్నెండు పాటలు, నూట పన్నెండు ఫైళ్లు, పెట్టిన చోటే ఉన్నాయి. వాటిని చదవగలిగిన సాఫ్ట్‌వేరే లేదు. ఏ ఫైలు మీద నొక్కినా 'దీన్ని దేనితో తెరవమంటారు?' అని తెర నన్నే అడుగుతోంది. నా బీరువా ముందు నన్నే నిలబెట్టి తాళం ఏదని గదమాయించినట్టు.

ఎదురుగా ప్లాస్టిక్ స్టూలు మీద టీచరుగారు కూర్చుని ఉన్నారు. ఒళ్లో ఎర్ర పెన్నుతో దిద్దిన ఆఖరి ప్రూఫులు. కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంటున్నారు. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి నోరు విప్పకుండా కళ్లజోడు తుడుస్తోందంటే ఎదురుగా ఉన్నవాడికి మార్కులు పడిపోయాయనే.

నాకు రాజమండ్రిలో చిన్న డీటీపీ కొట్టు ఉంది. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, చర్చిల వార్షికోత్సవ సంచికలు, ఏది దొరికితే అది. మా నాన్నది స్టీలు సామాన్ల కొట్టు, మా పెదనాన్నది పక్కనే ఫ్యాన్సీ కొట్టు. నాకు నడక కంటే బేరం ముందు వచ్చిందని మా ఇంట్లో చెప్పుకునేవారు. మా నాన్న ఎక్కడ ఏం కొన్నా, బేరం తెగాక, డబ్బులు చేతిలో పెట్టే ముందు ఒక్క క్షణం ఆగేవాడు. "మరి కొసరో?" అనేవాడు. అరకిలో వంకాయలు కొంటే గుప్పెడు కరివేపాకు, మంచం కొంటే దిండు. కొసరు లేకుండా ఇంటికి వస్తే ఆ వస్తువు ఎంత మంచిదైనా మోసపోయినట్టే లెక్క. నాకూ ఆ జబ్బు అంటుకుంది. ఆసుపత్రిలో పన్ను పీకించుకున్నప్పుడు కూడా పక్క పన్ను ఊరికే చూసి పెట్టమని అడిగానని మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలకు చెబుతూ ఉంటుంది.

ఇంత తెలివైనవాణ్ణి ఆ కాకినాడ డీలరు ఎలా పడగొట్టాడో చెప్పాలి. చెబుతుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ సాఫ్ట్‌వేరు పాత వెర్షన్‌ని నేను ఇరవై ఏళ్ల కిందట డిస్కుతో సహా కొన్నాను. అందరూ దొంగ డిస్కులతో పని నడిపించుకుంటుంటే బిల్లు తీసుకుని మరీ కొన్నవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. పేజీలు కట్టుకోవడానికి అదొక్కటే. దానితోపాటు ఆ కాలపు తెలుగు అక్షరాలు. నా వేళ్లు ఆ కీబోర్డుకే అలవాటుపడ్డాయి. దానిలోనే కొట్టు నిలబెట్టుకున్నాను, దానిలోనే టీచరుగారి పుస్తకం కట్టాను.

ఆ పుస్తకం సంగతి ఇది. టీచరుగారు లూథరన్ చర్చివారు. వాళ్లమ్మ పొలం పనికి వెళ్లేది. ఊడ్పుల్లో, కోతల్లో, సాయంత్రం ప్రార్థనల్లో ఆ తరం ఆడవాళ్లు సొంతంగా కట్టుకుని పాడుకున్న పాటలు చాలా ఉన్నాయి. చర్చి కీర్తనల పుస్తకంలో అవి లేవు. రిటైరయ్యాక టీచరుగారు ఊరూరా తిరిగి, ఆ ముసలివాళ్ల పక్కన కూర్చుని ఒక్కో పాటా రాసుకొచ్చేవారు. నెలకొకటి, రెండు నెలలకొకటి. నేను టైపు కొట్టేవాణ్ణి. పాడినవాళ్లలో ఒక్కావిడే మిగిలింది. తొంభై ఏళ్ల మామ్మగారు. టీచరుగారి అమ్మతో కలిసి నాట్లు వేసిన మనిషి. చదువు రాదు. "నా పాట అచ్చులో ఎలాగుంటదో సూసి పోతాను" అని టీచరుగారితో అందట. ఆవిడ చేతిలో చర్చి కోత పండుగనాడు పుస్తకం పెట్టాలని టీచరుగారి పట్టుదల. ఆ పండుగకు ఇంక పద్నాలుగు రోజులు. అచ్చుకూ బైండింగుకూ పది రోజులు కావాలి. అంటే నా చేతిలో ఉన్నవి నాలుగు.

మరి అంత పని చేతిలో పెట్టుకుని కొత్త సాఫ్ట్‌వేరు ఎందుకు ఎక్కించావని అడుగుతారు. టీచరుగారూ అదే అడిగారు. జనం ఇప్పుడు పెళ్లి మేటరు కాగితం మీద రాసి తేవడం లేదు, ఫోనులో పంపుతున్నారు. ఆ అక్షరాలు పాతదానిలో పెడితే డబ్బాలు డబ్బాలుగా పడతాయి. దాంతో వచ్చిన పెళ్లివారు పక్క కొట్టుకు పోతున్నారు. కొత్తది తప్పనిసరి. అయితే పాతది పోకూడదు. రెండూ పక్కపక్కన ఉండాలి. ఈ ముక్క డీలరుతో మొట్టమొదటే చెప్పాను.

"ఆయ్, ఉంటుందండి. ఎందుకుండదండీ?" అన్నాడు.

నాకు కావలసింది పేజీలు కట్టే ప్రోగ్రాము ఒక్కటే. అది విడిగా దొరుకుతుంది. "ఒక్కటి తీసుకుంటే ఇంతండి," అని ఒక రేటు చెప్పాడు. తరువాత బ్యాగు మూసేయబోతూ, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు, "మొత్తం సూట్ అయితే దీనికి రెట్టింపు కూడా కాదండి. ఇరవై ప్రోగ్రాములు," అన్నాడు.

ఇరవై! ఒక్క ఇడ్లీ పాత్ర కోసం కొట్టుకు వచ్చిన ఆవిడకు మా నాన్న సరిగ్గా ఇలాగే, పాత్ర కాగితంలో చుడుతూ చుడుతూ, "సెట్టు చూశారా అమ్మా?" అనేవాడు. ఆవిడ సెట్టుతో ఇంటికి వెళ్లేది. అందులో సగం గిన్నెలు అటక దిగేవి కావు. ఆ సెట్లు అమ్మిన లాభంతో పెరిగిన ఒళ్లు ఇది. అయినా ఇరవై అనగానే నోట్లో నీళ్లూరాయి.

పాటల ప్రూఫు కోసం వచ్చి ఉన్నారో ఏమో, టీచరుగారు అప్పుడూ అక్కడే ఉన్నారు. "మీకు కావలసింది ఒక్కటే కదా బాబూ, మిగతా పందొమ్మిదీ ఏం చేసుకుంటారు?" అన్నారు.

"ఉంటే మంచిదేనండి," అన్నాను. అటక మీద గిన్నెల గురించి మా నాన్న అనే మాట అదే.

పోనీ కొన్నానా? అదీ లేదు. ఇప్పుడు వీళ్లు ఏదీ అమ్మరు, అద్దెకిస్తారు. మూడు నెలలకోసారి కట్టాలి, కట్టకపోతే ఇరవైకి ఇరవై మూతపడతాయి. మా ఊళ్లో గదులు అద్దెకిచ్చేవాళ్లు కూడా ఖాళీ చేయించడానికి రెండు నెలలు టైమిస్తారు. వీళ్లు ఇవ్వరు. నా డబ్బుతో నేను తెచ్చుకున్న డిస్కు ఇరవై ఏళ్లపాటు నా సొరుగులో నాదిగా ఉంది. ఈ సూట్ మాత్రం నా కంప్యూటర్లో కూర్చున్న పరాయివాడు. ఇంత తెలిసీ సంతకం పెట్టాను. ఎందుకంటే అప్పటికి డీలరును రేటులో రెండుసార్లు దించాను. గెలిచాననుకున్నాను.

గెలిచినవాడు ఊరుకుంటాడా? డబ్బులు పంపే ముందు ఒక్క క్షణం ఆగాను.

"మరి కొసరో?"

డీలరు నవ్వాడు. "ఏం కావాలండీ?"

"ఈ మెషీను నెమ్మదిగా నడుస్తోంది. ఊరికే ఒకసారి శుభ్రం చేసి పెట్టండి. కొత్త విండోస్ కూడా వేసెయ్యండి."

"తప్పకుండానండి."

మర్నాడు పొద్దున్న ఆయనే వచ్చి మెషీను ముందు కూర్చున్నాడు. అదే సమయానికి ఒక పెళ్లివారు వచ్చారు. శుభలేఖల కవర్లు ఊరికే ఇమ్మంటారు. నా కొసరు విద్య నా మీదే ప్రయోగిస్తున్నారని కోపంతో నాకు ఒళ్లు తెలియలేదు. వాళ్లతో వాదనలో ఉండగా వెనక నుంచి డీలరు అడిగాడు. "పాత ప్రోగ్రాములన్నీ తీసేస్తే ఇంకా స్పీడుగా ఉంటుందండి. తీసెయ్యమంటారా?"

వెనక్కి తిరగకుండా చెప్పాను. "తీసెయ్యండి. దానికి వేరే చార్జీ లేదు కదా?"

నా పదకొండేళ్ల పనికి నేను వేసిన ఒకే ఒక్క ప్రశ్న అది. చార్జీ లేదు కదా అని!

ఆ సాయంత్రమే టీచరుగారు ఆఖరి ప్రూఫులు తెచ్చారు. దిద్దుబాట్లు ఎక్కించడానికి మొదటి ఫైలు మీద నొక్కాను. తరువాతిదంతా పైన చెప్పాను.

"సరే, మీ ఇరవైలో పేజీలు కట్టేది ఉంది కదా, అది ఈ పాత ఫైళ్లను తెరవదా?" అని ఫోనులో గద్దించాను.

"ఇదివరకు తెరిచేదండి. ఈ మధ్య వెర్షన్లలో తీసేశారండి. ఎవరూ వాడటం లేదని."

"నేను వాడుతున్నాను కదయ్యా!"

"మీరొక్కరేనండి," అన్నాడు. అండి వదలకుండా.

సొరుగులోంచి పాత డిస్కు తీశాను. మెషీనుకు డిస్కు పెట్టే నోరు పాడై ఏళ్లయింది. పక్క ఫొటో స్టూడియో ఆయన దగ్గర బయట తగిలించుకునే డ్రైవు అడిగి తెచ్చాను. సగం దాకా ఎక్కి, 'ఈ విండోస్‌లో ఇది నడవదు' అని ఆగిపోయింది. మళ్లీ పెట్టాను. మళ్లీ ఆగింది. మూడోసారి డిస్కు తీసి గోడకేసి కొట్టబోయాను.

"అది కూడా పగలగొట్టండి, ఒక పనైపోతుంది," అన్నారు టీచరుగారు.

ఆవిడ నాతో మాట్లాడటం అప్పుడు మొదలైంది. గొంతు పెంచలేదు. "మీకు పోయింది సాఫ్ట్‌వేరు. ఆవిడకి తొంభై ఏళ్లు. ఈ పండక్కి కాకపోతే వచ్చే పండక్కి ఉంటుందని మీరు రాసిస్తారా?"

"ప్రూఫులు చూసి మళ్లీ మొత్తం టైపు కొడతానండి."

"ఎన్నాళ్లు?"

"నెల."

"నెలకి నేను తిట్టడానికి కూడా ఓపిక ఉండదు," అన్నారు.

ఆ పాత వెర్షన్ ఇంకా బతికి ఉన్న చోటు నాకు ఒకటి తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. మండపేటలో ఉన్నాడు ఒకాయన. నాతోపాటే ఒకే బెంచీ మీద డీటీపీ నేర్చుకున్నాడు. రైసుమిల్లుల బస్తాల లేబుళ్లు, మిల్లు ఓనర్ల విజిటింగు కార్డులు వేసుకుంటాడు. ఇరవై ఏళ్లుగా అదే మెషీను, అదే వెర్షన్. నెట్టు వైరు కూడా పెట్టించలేదు. పెళ్లిళ్లలో కనిపించినప్పుడల్లా పదిమందిలో "ఏం గురూ, మ్యూజియం ఎలా ఉంది?" అని పలకరించేవాణ్ణి. అందరూ నవ్వేవారు. ఆయన కూడా నవ్వేవాడు. అప్పుడు నాకు అది బాగుండేది.

ఫోను చేశాను. మొత్తం విన్నాడు. "మ్యూజియానికి టిక్కెట్టు లేదు గురూ. పొద్దున్నే వచ్చెయ్."

మర్నాడు మండపేట బస్సులో నా పక్కన టీచరుగారు ఉన్నారు. "మీరెందుకండీ శ్రమ, నేను చూసుకుంటాను కదా," అన్నాను.

"మీమీద నమ్మకం లేక వస్తున్నాను," అన్నారు కిటికీలోంచి చూస్తూ.

ఆ కొట్టు ఒక మిల్లు గోడ పక్కన ఉంది. బయట లారీలు, లోపల అన్నిటి మీదా సన్నటి ఊక ధూళి. మెషీను మీద తుండుగుడ్డ కప్పి ఉంది. ఆయన గుడ్డ తీసి దులిపి నన్ను కూర్చోబెట్టాడు. "ఒక్క షరతు. బేరం ఆడకూడదు. నోరు విప్పావంటే కరెంటు తీసేస్తా."

పెన్‌డ్రైవు పెట్టాను. మొదటి పాట మీద నొక్కాను. ఆ మెషీను కాసేపు గుర్రుమంది. తరువాత పాట వచ్చింది. ఒత్తులతో, సున్నాలతో, నేను కట్టిన అంచుతో, పెట్టింది పెట్టినట్టు. నాకు సంతోషం రాలేదు. ఇంత తేలికైన పనా? ఇరవై ఏళ్ల నాటి మట్టి కొట్టుకున్న డబ్బా చేస్తున్న పని, నిన్నగాక మొన్న అద్దెకు తెచ్చుకున్న ఇరవై ప్రోగ్రాములు కలిసి చేయలేకపోయాయి. చేయలేక కాదు, వద్దనుకుని తీసేశారు. లెక్కలోకి రాని వాళ్లం కాబట్టి తీసేశారు. డీలరు అన్న 'మీరొక్కరేనండి' అప్పుడు సరిగ్గా లోపలికి దిగింది.

రెండు రోజులు అక్కడే. టీచరుగారు చదువుతుంటే నేను దిద్దాను. పూర్తయిన పేజీలను ట్రేసింగు కాగితం మీద తీశాం. దాంతో నేరుగా అచ్చు ప్లేటు వేస్తారు, కొత్త సాఫ్ట్‌వేరు గడప తొక్కక్కర్లేదు. ఆఖరి కాగితం బయటికి వస్తుంటే నాలోని మా నాన్న లేచాడు. "గురూ, కాగితం రేటు ఎలాగూ వేస్తావు, ఆ పాత విండోస్ కాపీ ఒకటి..."

"బాబూ, నోరు మూసుకోండి," అన్నారు టీచరుగారు.

మండపేట ఆయన పడీ పడీ నవ్వాడు. కాగితానికి కూడా ఏమీ తీసుకోలేదు. నేను ఇరవై ఏళ్లు పదిమందిలో ఆడిన మాటలకు ఆయన ఒక్క మాట తిరిగి అన్నా నాకు ఊరటగా ఉండేది. అనలేదు. బస్సు ఎక్కించేటప్పుడు కాగితాలు నలగకుండా బస్తా లేబుళ్ల అట్టల మధ్య పెట్టి ఇచ్చాడు.

పుస్తకం పండుగకు ముందురోజు చేతికొచ్చింది.

కోత పండుగనాడు చర్చి ఆవరణలో వరి కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, వేలం వేయడానికి కట్టేసిన కోళ్లు. ముందు వరసలో కుర్చీలో మామ్మగారు. నేను ఊహించుకున్నదాని కంటే చిన్న మనిషి. టీచరుగారు పుస్తకం ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ దాన్ని తలకిందులుగా పట్టుకుంది. ఎవరూ సరిచేయలేదు.

"నాదేదీ?"

టీచరుగారు పేజీ తీసి, వేలు పట్టుకుని పాట మీద పెట్టారు. ఆవిడ వేలితో మొదటి నుంచి చివరి దాకా తడుముకుంది.

"ఇంతేనా? అంత పాట ఇంత సిన్నగా అయిపోయిందేంటే?"

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నావైపు చూసింది. "నువ్వేనా అచ్చేసినోడివి? ఇంకోటుంది. రాసుకో."

టీచరుగారు ఉలిక్కిపడ్డారు. "పదకొండేళ్లు మీ చుట్టూ తిరిగాను. ఇంకేం లేవన్నారు కదా అత్తా!"

"దేవుడి పాటలడిగావు, ఇచ్చాను. ఇది దేవుడిది కాదు. అచ్చేత్తారో లేదో అని సెప్పలేదు. ఏసేవోళ్లే అని ఇప్పుడు తెలిసింది."

కుర్చీలో ముందుకు వంగి, గొంతు తగ్గించకుండా పాడింది.

"గట్టు మీద గొడుగేసిన కామందుగారో
నీ గొడుగు నీడ మా నడుం దాకా రాదు
దిగి సూడు బురదలోకి కామందుగారో
నీ కాలు నీది కాదన్నట్టు లాగేత్తాది."

ఆ భూస్వామి మీద ఇంకా నాలుగు చరణాలు ఉన్నాయి. ఒకదాన్ని మించి ఒకటి. అరవై, డెబ్బై ఏళ్ల నాటి కోపం, ఎక్కడా చల్లారలేదు. నా పద్నాలుగు రోజుల కోపం దాని పక్కన పిల్లల అలకలా ఉంది. శుభలేఖ కవరు చింపి వెనక రాసుకున్నాను. పుస్తకం అప్పటికే బైండయిపోయింది. విడి కాగితం మీద అచ్చేసి, మిగిలిన కాపీల్లో చివర అంటిస్తానని మాటిచ్చాను.

ఇప్పుడు నా కొట్టులో రెండు మెషీన్లు ఉన్నాయి. ఒకటి సూట్ ఎక్కించినది. రెండోది పాతసామాన్ల వాడి దగ్గర దొరికిన డబ్బా. పాత విండోస్, పాత డిస్కు, నెట్టు వైరు లేదు. దాని మీద తుండుగుడ్డ. ఆ గుడ్డ ఎవరు ఎత్తినా నేను అరుస్తాను.

మామ్మగారి పాట దానిలోనే టైపు కొడుతుంటే ఫోను మోగింది. కాకినాడ డీలరు.

"సార్, సూట్ గడువు దగ్గరపడుతోందండి. రెన్యూ చేసెయ్యమంటారా?"

"సూట్ వద్దు. పేజీలు కట్టేది ఒక్కటే, విడిగా ఇవ్వండి."

"ఒక్కటే అంటే మీకే నష్టమండి. ఇరవై వస్తుంటే..."

"ఒక్కటే."

"పోనీ, మీరు పాత కస్టమరు కాబట్టి చెబుతున్నానండి. సూట్ ఉంచుకుంటే నేనే వచ్చి మీ కొట్టులో ఉన్న మెషీన్లన్నీ ఇంకోసారి ఫ్రీగా శుభ్రం చేసి..."

ఆ తరువాత నేను అన్నది ఇక్కడ రాయదగ్గది కాదు. మొదట ఆయన్ని, తరువాత ఆయన కంపెనీని, తరువాత వెనక్కి తిరగకుండా తీసెయ్యమన్న నన్ను, వరసగా తిట్టాను. అండి మాత్రం ఎక్కడా వదల్లేదు.

ఫోను పెట్టేసి, గొడుగు దగ్గర ఆపిన చోటు నుంచి మళ్లీ టైపు మొదలుపెట్టాను.